వేరే దేశం పేషెంట్, వేరే భాష పేషెంట్: అడగడం, రాయడం, అప్పజెప్పడం ఎలా?

అమెరికాలో మెలనీ టెర్వలాన్, జాన్ మరే-గార్సియా అనే ఇద్దరు డాక్టర్లు 1998లో రాసిన వ్యాసంలో ఒక సంఘటన ఉంది. ఆపరేషన్ అయిన కొన్ని గంటలకు ఒక లాటినో మహిళ మూలుగుతూ పడుకుని ఉంది. అటుగా వచ్చిన డాక్టర్ ఆమెకి నొప్పి బాగా ఉన్నట్టుందని అంటే, డ్యూటీలో ఉన్న నర్సు కొట్టిపారేసింది. వేరే సంస్కృతుల గురించి నర్సింగ్ స్కూల్లో కోర్సు చేశానని, ఆ జనం నొప్పిని ఎక్కువ చేసి చూపిస్తారని తనకు తెలుసని చెప్పింది. కోర్సు చదివింది కాబట్టే ఆ నర్సుకి ఎదురుగా ఉన్న మనిషి బాధ పట్టలేదు.

అందుకని ఇక్కడ "సోమాలియా వాళ్ళు ఇలా, ఒమన్ వాళ్ళు అలా" అనే పట్టిక ఇవ్వడం లేదు. నర్సులుగా మీరు చేయాల్సింది మూడు పనులు. పేషెంట్‌ని అడగాలి, చెప్పింది కేస్‌షీట్‌లో రాయాలి, తర్వాతి షిఫ్ట్‌కి అప్పజెప్పాలి. మొదటిది మంచి నర్సులు ఎప్పటినుంచో చేస్తున్నారు. మిగతా రెండూ జరగకపోవడం వల్ల పొద్దున సిస్టర్ తెలుసుకున్నది రాత్రి సిస్టర్‌కి అందడం లేదు, పేషెంట్ మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వస్తోంది.

ఇది నేర్చుకోవడానికి హైదరాబాద్ నర్సు విమానం ఎక్కక్కర్లేదు. నిజాం కాలంలోనే యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు బార్కస్‌లో, ఆఫ్రికా మూలాలున్న సైనికులు ఏసీ గార్డ్స్‌లో స్థిరపడ్డ ఊరిది. ఇప్పుడు టోలీచౌకిలో యెమెన్, సోమాలియా, సుడాన్ కుటుంబాలు కనిపిస్తాయి. గచ్చిబౌలి, కోకాపేట వైపు టవర్లు కట్టే కూలీలు ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ నుంచి వస్తారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది నేపాల్. ఆదిలాబాద్ నుంచి రిఫర్ అయి వచ్చిన గోండు తల్లికి తెలుగు కొంచెమే వస్తుంది. మీ పక్కన డ్యూటీ చేసే అమ్మాయిది కేరళో మణిపురో.

1. ముందు మన మాట మనం వినాలి

ఒక వారం పాటు ఇంకేమీ మార్చకండి. వార్డులో మీరు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారో గమనించండి, అంతే. ప్రైవేట్ రూములో "సర్, మీరు కొంచెం ఇటు తిరుగుతారా" అనేవాళ్ళం జనరల్ వార్డులో సెంట్రింగ్ పనికి వచ్చిన మనిషిని "ఏయ్, ఇటు తిరుగు" అంటున్నామా? హ్యాండోవర్‌లో (తర్వాతి షిఫ్ట్‌కి పేషెంట్లని అప్పజెప్పేటప్పుడు) "ఆ బిహారీ కేసు", "ఆఫ్రికా బెడ్", "ఓల్డ్ సిటీ బ్యాచ్" అనే మాటలు దొర్లుతున్నాయా? ఈ మాటలు విన్న తర్వాతి షిఫ్ట్ నర్సు ఆ పేషెంట్‌ని చూడకముందే ఒక అభిప్రాయానికి వచ్చేస్తుంది. బెల్ కొట్టినప్పుడు ఎంత తొందరగా వెళ్తుందన్నది ఆ అభిప్రాయం మీదే ఆధారపడుతుంది.

మన ఇంటి అలవాట్లు కూడా చూసుకోవాలి. ఎవరి టిఫిన్ వాసన మనకి పడదు, ఎవరి గొంతు మనకి గట్టిగా అనిపిస్తుంది, ఏ పేరు వినగానే ఏ కులమో ఏ మతమో అని మనసు వెతుకుతుంది. ట్రైనింగుల్లో ఈ మెట్టు ఎగ్గొట్టి నేరుగా హలాల్, రంజాన్ స్లైడ్లకి వెళ్ళిపోతారు. నా అభిప్రాయంలో ఇది లేకుండా మిగతాదంతా చేసినా నిలవదు.

2. అడ్మిషన్ రోజే అడగాల్సినవి

ఆర్థర్ క్లైన్‌మన్ అనే సైకియాట్రిస్ట్, తోటి రచయితలతో కలిసి 1978లో కొన్ని ప్రశ్నలు ఇచ్చారు. జబ్బు గురించి పేషెంట్ మనసులో ఏముందో బయటకు రావడానికి అవి ఇప్పటికీ పనికొస్తున్నాయి. మన వార్డు భాషలో ఇలా అడగొచ్చు: "ఇది ఎందుకు వచ్చిందని మీరనుకుంటున్నారు?" "దీనివల్ల మీకు అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది ఏంటి?" "దేనికి భయంగా ఉంది?" "ఈ ట్రీట్‌మెంట్‌తో ఏం జరగాలని కోరుకుంటున్నారు?"

క్యాన్యులా పెడుతూ అడగకండి. సెలైన్ పెట్టేసి, చేతులు ఖాళీ అయ్యాక, కుర్చీ లాక్కుని కూర్చుని అడగండి. నిలబడి అడిగితే ఒక్క ముక్కలో జవాబు వస్తుంది.

"గాలి సోకింది", "దిష్టి తగిలింది", "వేడి చేసింది" అని జవాబు రావచ్చు. నవ్వకండి, సరిదిద్దకండి. "అప్పుడు ఏం చేశారు?" అని అడగండి. అసలు సమాచారం అక్కడే ఉంటుంది. కామెర్లకి పసరు మందు తాగారో, వాత పెట్టించుకున్నారో, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది వేయించుకున్నారో అప్పుడు బయటకొస్తుంది. ఇవి డాక్టర్‌కి తెలియాలి. మీరు ఒక్కసారి కసిరితే ఇంకెప్పుడూ చెప్పరు.

తర్వాత రోజువారీ విషయాలు. ఏ పేరుతో పిలవమంటారు, ఏ భాషలో మాట్లాడితే తేలిక, ఏం తినరు, ప్రార్థనకి ఏ వేళలు కావాలి, పరీక్ష చేసేటప్పుడు మగ స్టాఫ్ ఉంటే ఇబ్బందా, నిర్ణయాల్లో ఇంట్లో ఎవరిని కలుపుకోవాలి. ముస్లిం అని హలాల్ టిక్, మార్వాడీ అని వెజ్ టిక్ మీరే పెట్టేయకండి. జైన పేషెంట్‌కి వెజ్ భోజనం పంపిస్తే సరిపోతుందనుకుంటాం. చాలామంది జైనులు బంగాళాదుంప, ఉల్లి, వెల్లుల్లి లాంటివి తినరు, పొద్దు గూకాక భోజనం చేయరు. ఎనిమిదింటికి వచ్చిన ట్రే అలాగే వెనక్కి వెళ్తుంది. షుగర్ పేషెంట్ అయితే, తినలేదని ఎవరికీ తెలియకుండానే ఇన్సులిన్ పడిపోతుంది.

3. పేరు, పుట్టిన తేదీ, గడియారం, అంకె

ఇవి చిన్నవిగా కనిపిస్తాయి కానీ మందు పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి. ఓపిగ్గా చదవండి.

మనకి ఇంటిపేరు ముందుంటుంది. అరబ్బు, సోమాలీ పేర్లలో మామూలుగా సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా ఉంటాయి. చివరి పేరు పట్టుకుని పిలిస్తే వాళ్ళ తాతని పిలిచినట్టే. పైగా మహమ్మద్, అలీ, అహ్మద్, హసన్ అటూ ఇటూ మారుతూ ఒకే ఫ్లోర్‌లో ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. పేరు చూసి మందు ఇవ్వకండి, యూహెచ్‌ఐడీ (ఆస్పత్రి ఒక్కో పేషెంట్‌కి ఇచ్చే నంబర్)తో పాటు రెండో గుర్తింపు కూడా సరిచూడాలి.

ఆ రెండో గుర్తింపు పుట్టిన తేదీ అయితే ఇంకో చిక్కు. ఇథియోపియా క్యాలెండర్ మన వాడుక క్యాలెండర్ కన్నా 7, 8 ఏళ్ళు వెనక ఉంటుంది, అందులో 13 నెలలు. నేపాల్ వాళ్ళ విక్రమ సంవత్ 56, 57 ఏళ్ళు ముందుంటుంది. నేపాలీ వాచ్‌మన్ 2040లో పుట్టానంటే తప్పు చెప్పడం లేదు, అది మన 1983 లేదా 84. నోటిమాట మీద రాయకుండా పాస్‌పోర్టో గుర్తింపు కార్డో చూసి రాయండి. ఒకసారి ఏది రాశామో అదే డిశ్చార్జి దాకా అన్ని కాగితాల్లో ఉండాలి.

గడియారం సంగతి ఇంకా ముఖ్యం. ఇథియోపియాలో రోజుని మన ఉదయం ఆరింటి నుంచి లెక్కపెడతారు. మన ఉదయం 7 వాళ్ళకి 1 గంట, మన 8 వాళ్ళకి 2. స్వాహిలీ మాట్లాడే తూర్పు ఆఫ్రికా వాళ్ళలోనూ ఈ లెక్క ఉంది. "మధ్యాహ్నం మాత్ర రెండింటికి వేసుకోండి" అని చెప్పి పంపితే పేషెంట్ దాన్ని పొద్దున ఎనిమిదింటికే వేసుకునే ప్రమాదం ఉంది. మాత్రల కవర్ మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీయండి. "టిఫిన్ అయ్యాక", "పడుకునే ముందు" అని పనులతో కలిపి చెప్పండి. చదువురాని మన పల్లెటూరి పెద్దావిడకీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఇక అంకె. నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత అని అడిగి, మాట అర్థం కావడం లేదని కాగితం ఇచ్చారనుకోండి. ఇరాక్ నుంచో యెమెన్ నుంచో వచ్చిన పెద్దాయన చిన్న గుండ్రం గీసి ఇచ్చాడు. మీరు సున్నా అనుకుని "నొప్పి లేదు" అని చార్ట్‌లో వేస్తారు. అరబ్ దేశాల్లో చాలాచోట్ల రాసే అంకెల్లో ఆ గుండ్రం ఐదు. వాళ్ళ సున్నా ఒక చుక్క మాత్రమే. వాళ్ళ ఆరు మన కంటికి ఏడులా కనిపిస్తుంది. కాబట్టి రాయించకండి, ముఖాల బొమ్మలున్న స్కేల్ చూపించి వేలితో చూపమనండి.

4. ఇంటర్‌ప్రెటర్‌తో మాట్లాడటం

మందులు, ఆపరేషన్, కన్సెంట్ (చికిత్సకి పేషెంట్ ఒప్పుదల), చెడు వార్త: ఈ నాలుగింటికీ శిక్షణ ఉన్న ఇంటర్‌ప్రెటర్ (మాటని అనువదించే మనిషి) కావాలి. పేషెంట్ కొడుకు, పక్క బెడ్ మనిషి, ఊడ్చడానికి వచ్చిన ఆయా సరిపోరు. ఇంట్లోవాళ్ళు ప్రేమ కొద్దీ మాట తగ్గించి చెప్తారు, తల్లికి రక్తస్రావం ఎంత అవుతోందో పదేళ్ళ పిల్లాడి చేత అడిగించలేం. విదేశీ పేషెంట్‌ని ఆస్పత్రికి తెచ్చిన ఏజెంట్ తరఫు మనిషైతే ప్యాకేజీ ఆగిపోకూడదన్న ఆలోచన ఉండొచ్చు. మీ ఆస్పత్రిలో ఇంటర్నేషనల్ పేషెంట్ల డెస్క్ ఉంటే నంబర్ వార్డు బోర్డు మీద రాసి పెట్టుకోండి. రాత్రి పూట ఎవరొస్తారో పగలే కనుక్కోండి. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ యాప్ "నీళ్ళు కావాలా" వరకు ఓకే, కన్సెంట్‌కి వాడొద్దు.

గదిలోకి వెళ్ళే ముందు ఇంటర్‌ప్రెటర్‌కి ఒక నిమిషం విషయం చెప్పండి. లోపల పేషెంట్ ముఖం చూసి, పేషెంట్‌తోనే మాట్లాడండి. "ఆయన్ని అడుగు నొప్పి ఉందా అని" అనకుండా "మీకు నొప్పి ఉందా?" అనండి. రెండు చిన్న వాక్యాలు చెప్పి ఆగండి. పేషెంట్ రెండు నిమిషాలు మాట్లాడితే మీకు ఒక్క ముక్క వచ్చిందంటే, మొత్తం చెప్పమని మర్యాదగా అడగండి.

చివర్లో "అర్థమైందా?" అని మాత్రం అడగకండి, అందరూ తలూపుతారు. మనం సరేనని తల అటూ ఇటూ ఆడించడం చాలా దేశాల వాళ్ళకి "కాదు" లాగా కనిపిస్తుంది కూడా. "ఇంటికెళ్ళాక ఈ ఇంజెక్షన్ ఎలా వేసుకుంటారో ఒకసారి నాకు చూపించండి" అనండి. పేషెంట్ చేసి చూపించిందే లెక్క. తప్పు చేస్తే, "నేనే సరిగ్గా చెప్పలేదు, మళ్ళీ చూద్దాం" అని ఇంకోలా చెప్పండి.

ఇంకో మాట. బెడ్ దగ్గర ఇద్దరు నర్సులు పేషెంట్‌కి రాని భాషలో మాట్లాడుకుని నవ్వుకుంటే ఏ దేశం మనిషైనా తన గురించే అనుకుంటాడు. తెలుగైనా మలయాళమైనా, పేషెంట్ ముందు వద్దు.

5. ఆచారం ఎదురైనప్పుడు మూడు దార్లు

మెడెలిన్ లైనింజర్ నర్సు. 1950ల్లో అమెరికాలోని సిన్సినాటిలో పిల్లల మానసిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తూ, ఒకే రకం సేవ అన్ని ఇళ్ళ పిల్లలకీ సరిపోవడం లేదని గమనించింది. తర్వాత ఆంత్రోపాలజీలో డాక్టరేట్ చేసి, ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్ అనే శాఖకి పునాది వేసింది. ఆచారం ఏదైనా నర్సు ముందు మూడు దార్లున్నాయని ఆమె చెప్పింది: ఉన్నదున్నట్టు ఉంచడం, కొంచెం సర్దడం, మార్చడానికి ఒప్పించడం.

ప్రసూతి వార్డులో చూడండి. పుట్టిన బిడ్డ చెవిలో తండ్రి అజాన్ చెప్తానంటే ఏ హానీ లేదు, చోటివ్వండి. బాలింత చెవుల్లో దూది పెట్టుకుంటానన్నా అంతే. ఆపరేషన్‌కి మంగళసూత్రం తీయాలంటే కన్నీళ్ళు పెట్టుకునే ఆవిడ ఉంటుంది. పసుపు కొమ్ము కట్టిన దారం చేతికి కట్టుకోవచ్చేమో ఓటీ ఇన్‌చార్జ్‌ని అడగండి, తీసిన తాళి ఎవరి చేతికిచ్చారో రాయండి. సిక్కు పేషెంట్ జుట్టు, గడ్డం దగ్గర క్లిప్పర్ పెట్టే ముందు సర్జన్‌కి ఎంత మేర అవసరమో కనుక్కుని, పేషెంట్‌కి చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని డాక్టర్ చెప్పిన పేషెంట్‌కి చివరి ఘడియల్లో తులసి తీర్థం పోస్తామంటే, డాక్టర్‌ని అడిగి పెదాలు తడపనివ్వడం సర్దుబాటు. పసిబిడ్డ నాలుక మీద తేనె రాస్తామంటే అది మాత్రం మార్చాల్సిందే. ఏడాది లోపు పిల్లలకి తేనెతో బోట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. కానీ "అలా చేయకూడదు" అని బాటిల్ లాక్కుంటే ఇంటికెళ్ళాక ఎలాగూ రాస్తారు. ఆ ఇంట్లో నానమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి ఎందుకో చెప్పండి. ముర్రుపాలు పిండి పారబోసే చోట కూడా ఒప్పించాల్సింది ఆవిడనే.

రంజాన్ నెలలో "ఈరోజు రోజా ఉన్నారా?" అని రోజూ అడగండి. జబ్బుగా ఉన్నవాళ్ళకి మినహాయింపు ఖురాన్‌లోనే ఉన్నా ఉండాలనుకునేవాళ్ళు ఉంటారు. మతం చెప్పడం మన పని కాదు. సహరీ, ఇఫ్తార్ వేళలకి మందులు మార్చొచ్చా అని డాక్టర్‌ని అడగడం మన పని. షుగర్ 70 కంటే తగ్గినా 300 దాటినా ఉపవాసం విరమించాలని అంతర్జాతీయ డయాబెటిస్ మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఈ రెండు అంకెలూ పేషెంట్‌కి ముందే చెప్పి ఒప్పించి పెట్టుకోండి.

6. ఒంటిని చూసే చూపు మారాలి

మన పుస్తకాల్లో "చర్మం ఎర్రబడుతుంది", "నీలం రంగుకి మారుతుంది" అని ఉంటుంది. ముదురు రంగు చర్మం మీద అది కనబడదు. బెడ్‌సోర్ మొదలవుతోందా అంటే చేత్తో తాకి చూడండి, పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో మెత్తగానో ఉంటుంది. కామెర్లకి కళ్ళు, ఆక్సిజన్ తగ్గిందేమో అన్న అనుమానానికి నాలుక, పెదాల లోపలి వైపు చూడండి.

వేలికి పెట్టే ఆక్సీమీటర్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. మిషిగన్ విశ్వవిద్యాలయ డాక్టర్లు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, మీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నా రక్త పరీక్షలో ఆక్సిజన్ 88 కంటే తక్కువ ఉండటం నల్లజాతి పేషెంట్లలో తెల్లవాళ్ళ కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువని తేలింది. రీడింగ్ బాగుండి మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మి డాక్టర్‌ని పిలవండి. సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు) విషయంలోనూ మనిషినే నమ్మాలి. ఆఫ్రికా, గల్ఫ్ పేషెంట్లలోనూ మన ఆదివాసీ పిల్లల్లోనూ కనిపిస్తుంది. అందులో వచ్చే నొప్పి బయటికి ఏ గాయమూ చూపించదు, అందుకే నాటకం అనుకునే ప్రమాదం ఉంది.

సోమాలియా, సుడాన్ మహిళలకి క్యాథెటర్ వేసేటప్పుడు, చిన్నప్పుడు జననాంగాన్ని కోసి కుట్టిన గుర్తులు కనిపించవచ్చు. మీ ముఖంలో ఆశ్చర్యం, జాలి కనబడనీయకండి. పక్కవాళ్ళని పిలిచి చూపించకండి. దుప్పటి కప్పి, దారి సరిగ్గా దొరకకపోతే బలవంతం చేయకుండా సీనియర్‌నో గైనకాలజిస్ట్‌నో పిలవండి. ఆ విషయం కేస్‌షీట్ దాటి బయటికి రాకూడదు.

7. "అమ్మకి చెప్పకండి సిస్టర్"

క్యాన్సర్ వార్డులో ఈ మాట తెలుగువాళ్ళ నుంచీ వస్తుంది, అరబ్ కుటుంబాల నుంచీ వస్తుంది. కొడుకు కారిడార్‌లో చెయ్యి పట్టుకుని బతిమాలతాడు. ఆయన మీద కోప్పడకండి, మాటా ఇవ్వకండి. "మీ బాధ అర్థమైంది, డాక్టర్‌గారితో కలిసి మాట్లాడదాం" అనండి. తర్వాత వీలు చూసుకుని పేషెంట్‌నే అడగండి: "మీ జబ్బు సంగతులు మీకే చెప్పాలా, లేక ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా?" "మా పెద్దాడితో మాట్లాడండి" అని ఆవిడ అంటే అది ఆవిడ నిర్ణయం. "నాకే చెప్పండి" అంటే అదీ ఆవిడ నిర్ణయమే. ఏమన్నదో ఆ మాటల్లోనే రాసి డాక్టర్‌కి చెప్పండి. రోగ నిర్ధారణ చెప్పే పని డాక్టర్‌ది. పేషెంట్ సూటిగా అడిగినప్పుడు అబద్ధం చెప్పకుండా ఉండటం మీది.

8. రాయండి, అప్పజెప్పండి

హ్యాండోవర్‌లో బీపీ, డ్రిప్, డ్రెయిన్ చెప్పాక ఈ నాలుగు ముక్కలు చేరిస్తే చాలు:

"12వ బెడ్, ఒమన్. అరబిక్, ఇంగ్లీష్ కొంచెం. 'అబూ సాలిమ్' అని పిలిస్తే ఇష్టం. ఇంటర్‌ప్రెటర్ పదింటికి వస్తాడు, డ్రెస్సింగ్ అప్పుడు పెట్టుకోండి. తెల్లవారుజామున ప్రార్థనకి లేస్తారు, పడిపోకుండా ఒకరు పక్కన ఉండాలి. నొప్పి వేలితో చూపిస్తారు. కాలు తీసేస్తారేమో అని భయపడుతున్నారు, రౌండ్స్‌లో సర్‌కి చెప్పాలి."

ఇది చదవడానికి అర నిమిషం కూడా పట్టదు. మీరు ఇన్‌చార్జ్ అయితే వారానికోసారి, షిఫ్ట్ మారే వేళ పది నిమిషాలు ఒక్క కేసు మాట్లాడించండి. ఏం అడిగాం, ఏం తెలిసింది, దానివల్ల ఏం మార్చాం. జూనియర్ల చేత ముందు చెప్పించండి, లేకపోతే వాళ్ళు నోరు విప్పరు.

9. బయటి దేశానికి వెళ్ళాలనుకుంటే

భాష పరీక్ష గురించి ఇప్పటికే టెన్షన్ పడుతుంటారు. యూకేకి ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ, జర్మనీలో నర్సుగా గుర్తింపుకి మామూలుగా జర్మన్ భాషలో బీ2 స్థాయి కావాలి. జర్మన్‌కి హైదరాబాద్‌లో గోథే సెంట్రమ్ ఉంది, తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. ఏజెంట్‌కి డబ్బు కట్టేముందు విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అవకాశాలు కనుక్కోండి.

భాష వచ్చినా ఇబ్బంది పెట్టేవి వేరే ఉంటాయి. ఇక్కడ అటెండర్లూ ఇంట్లోవాళ్ళూ చేసే స్నానం చేయించడం, తినిపించడం, బెడ్‌ప్యాన్ జర్మనీలో నర్సు పనే. అక్కడ దాన్ని తక్కువ పనిగా ఎవరూ చూడరు. యూకేలో డెబ్బై ఏళ్ళ పెద్దాయన తనని పేరు పెట్టి పిలవమంటాడు, కన్సెంట్ ఆయనదే, కొడుకుది కాదు. సీనియర్ డాక్టర్ డోసు తప్పు రాస్తే అక్కడికక్కడే చెప్పాలి, చెప్పకపోతే మీ తప్పవుతుంది. "సర్ రాశారు కదా" అన్న మాట చెల్లదు. దీన్ని ఇక్కడే సాధన చేయండి: "సర్, ఈ డోసు ఒకసారి చూస్తారా, పేషెంట్ క్రియాటినిన్ ఎక్కువుంది."

ఇంటర్వ్యూలో వేరే సంస్కృతి పేషెంట్‌ని ఎలా చూసుకున్నారని అడిగితే "అందరినీ సమానంగా చూస్తాను" అన్న జవాబు ఎవరికీ గుర్తుండదు. అందుకే ఇప్పటినుంచే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఏం అడిగారు, పేషెంట్ ఏం చెప్పారు, మీరు కేర్ ప్లాన్‌లో ఏం మార్చారు, ఏం జరిగింది. ఐదారు వాక్యాలు చాలు. పేషెంట్ పేరు, ఫోటో, ఆస్పత్రి నంబర్ మాత్రం అందులో రాయకండి.